ఉగ్గుగిన్నె ఏ పేజీలో పెట్టాలి

మా ఆయనకు ఎయిర్‌పోర్టులో సరుకుల విభాగంలో షిఫ్టు ఉద్యోగం. అందుకని శంషాబాద్‌లోనే ఒక ఇంటి పైపోర్షను అద్దెకు తీసుకున్నాం. 2012 ప్రాంతం అనుకుంటాను. గుంటూరు వైపు నుంచి పెళ్లయి వచ్చిన నాకు అక్కడ ఎవరూ తెలియదు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి పగలంతా పడుకుంటే గిన్నె చప్పుడు కూడా కాకుండా ఇంట్లో కూర్చోవడం నావల్ల కాలేదు. సాతంరాయి దగ్గర, బెంగళూరు హైవే నుంచి కాస్త లోపలికి, రేకుల షెడ్డులో ఒక ఆన్‌లైన్ దుకాణం పెట్టారనీ, కంప్యూటర్ వచ్చిన మనిషి కోసం చూస్తున్నారనీ ఇంటి ఓనరమ్మ చెబితే వెళ్లి అడిగాను.

ఆ దుకాణం యజమాని కూడా మా వైపు మనిషే. నగరంలో చాలాకాలం స్టీలు సామాన్ల కొట్టు నడిపారు. పుణె, ముంబై, బెంగళూరు లాంటి చోట్ల ఉంటున్న తెలుగువాళ్లకు ఇక్కడి ఇంటి సామాన్లు కంప్యూటర్ మీద చూపించి పంపాలని ఆయనకు కోరిక పుట్టింది. ఎయిర్‌పోర్టు పక్కనైతే పార్శిళ్లు త్వరగా ఎక్కుతాయని గోదాము అక్కడ తీసుకున్నారు.

"కొట్లో అయితే మనిషి లోపలికొచ్చి నాలుగు వైపులా చూసుకుంటాడమ్మా," అన్నారు మొదటి రోజు. "ఇక్కడ వాడు ఏ గుమ్మంలోంచి వస్తాడో మనకు తెలీదు. ఏ సామాను ఏ పేరు కింద ఉండాలో, ఏది ముందు కనబడాలో మీరే చూసుకోండి."

చాలా తేలిక పని అనుకున్నాను. వంటింటి సామాన్లు, పూజ సామాన్లు, పడకగది, చంటిపిల్లలు అని పేజీలు చేసి, ఒక్కొక్క దానికీ పైన ఒక మంచి ఫొటో పెట్టి, కింద వస్తువులు వరుసగా పేర్చుకుంటూ పోవడమే కదా. రెండో రోజుకే చిక్కులు మొదలయ్యాయి. కర్పూరం పూజలోకా, బీరువాలో బట్టల మధ్య వేసుకునేదాంట్లోకా? చెక్కపీట కూర్చోవడానికా, దేవుణ్ణి పెట్టడానికా, కత్తిపీట పక్కనా? ఒక పీటను మూడు పేజీల్లోకి మార్చి మార్చి చూసేదాన్ని. పీట అదే. పక్కనున్న వస్తువు మారితే అది వేరే పీటలా కనిపించేది. పూజ పేజీలో గంటకూ దీపపు కుందికీ మధ్య పెడితే దాని మీద పసుపు లేకపోవడం వెలితిగా అనిపించేది. ఇది నాకు భలే వింతగా ఉండేది. ఇంటికి వెళ్లాక కూడా మా వంటింటి గూట్లో సామాన్లను అలాగే చూసేదాన్ని. ఉప్పు డబ్బా పక్కన అగ్గిపెట్టె ఎందుకుంది, ఎవరు పెట్టారు, నేనేనా అనుకునేదాన్ని.

ఫొటోలు కూడా నేనే తీసేదాన్ని. కిటికీ దగ్గర బల్ల మీద తెల్ల చార్టు పరిచి, వస్తువు పెట్టి, విమానం వెళ్లిపోయేదాకా ఆగేదాన్ని. విమానం పైనుంచి వెళ్తే రేకులు అదిరేవి, బల్ల అదిరేది, ఫొటో మసకేసేది.

గోదాములో ప్యాకింగూ ఫోనూ చూసేది సాతంరాయి ఆవిడ. అక్కడి రైతు కుటుంబం. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను నాలుగు రోజులు మేడమ్ అని, ఐదో రోజు నుంచి చెల్లె అంది. ఆర్డరు రాగానే మిషన్‌లోంచి ఒక చీటీ వచ్చేది. దాని మీద చిరునామాతో పాటు ఆ వస్తువు ఏ పేజీలోదో ఆ పేజీ పేరు పెద్ద అక్షరాలతో పడేది. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. అది యజమాని పట్టుదల. అక్క ఆ చీటీని డబ్బా మీద అంటించి పంపేది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్క నాతో అంది, "చెల్లె, గీ రావిర్యాల ఆమె మళ్ల ఫోన్ జేసింది. ఆమెతోని జర పరేషాన్ అయితున్నది."

"ఏమైందక్కా?"

"ఎప్పుడూ ఉగ్గుగిన్నెలే తెప్పిస్తది. తెప్పించిన ప్రతిసారి ఫోన్ జేసి, డబ్బ మీద చీటీ అంటియ్యొద్దు అంటది. చీటీ లేకుంటే కొరియరాయన తీసుకపోడమ్మా అంటే, అయితే మీదికెల్లి ఇంకో కాయితం సుట్టు, లోపటి డబ్బకు అంటియ్యకు అంటది. ఎందుకో చెప్పదు."

ఉగ్గుగిన్నె అంటే చంటిపిల్లలకు పాలు పట్టే చిన్న స్టీలు గిన్నె. ఒకవైపు పక్షి ముక్కులా సాగి ఉంటుంది. నేను దాన్ని 'చంటిపిల్లల వస్తువులు' పేజీలో, జోలపాట పాడే బొమ్మకూ దోమతెరకూ మధ్య పెట్టాను. ఫొటోలో పక్కన ఒక పాపాయి నవ్వుతూ ఉంటుంది. ఆ పాపాయి ఫొటో యజమాని ఎక్కడినుంచో తెచ్చారు.

అంత దగ్గర ఊళ్లో ఉన్నావిడ, బజారుకు వెళ్తే దొరికే గిన్నెను మా దగ్గర తెప్పించడం ఏమిటి? అన్నిసార్లు ఎందుకు? చీటీ మీద ఏముందని? అక్కకూ నాకూ ఇదే మాటయింది. పిల్లలు లేని మనిషి దాచిపెట్టి కొంటోందేమోనని నేనన్నాను. "గట్లయితే ఒక్కటి కొంటది గని, గిన్నిసార్లా?" అంది అక్క. బారసాలలకు కానుకగా ఇస్తోందేమో అంది తను. కానుకయితే చీటీ ఉంటేనేం అన్నాను నేను.

ఆ వారంలోనే ఆవిడకు వెళ్లిన పార్శిల్ వెనక్కి వచ్చింది. సందు దొరకలేదని కొరియర్ అతను తిప్పి పంపేశాడు. మర్నాడు మా గోదాము వ్యాను పహాడీ షరీఫ్ వైపు సరుకు తేవడానికి వెళ్తోంది. అక్కడినుంచి రావిర్యాల పెద్ద దూరం కాదు. నేనే ఇచ్చొస్తానని యజమానిని అడిగాను. అక్క కూడా చెప్పులు వేసుకుంది.

వ్యాను మమ్మల్ని ఊరి మొదట్లో దించి వెళ్లిపోయింది. ఇద్దరిని అడిగితే ఇల్లు దొరికింది. ముందు రేకుల వరండా, ఒక మూల కుండీల్లో తులసీ మందారమూ ఉన్నాయి. ఆవిడ బియ్యం చెరుగుతూ కూర్చుంది. డబ్బా చూడగానే లేచింది.

"మీరే వచ్చిన్రా? గింత దూరం?" అంది. అనేసి, వెంటనే డబ్బా తిప్పి చూసింది. చీటీ పైన చుట్టిన కాగితం మీదే ఉంది. ఆ కాగితం విప్పి లోపలి డబ్బా చూసింది. చీటీ లేదు. అప్పుడు మమ్మల్ని కూర్చోమంది.

నేనింక ఆగలేకపోయాను. "ఏమీ అనుకోకండి, ఆ చీటీ ఎందుకు వద్దంటున్నారండీ?"

ఆవిడ లోపలి గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నా బిడ్డకు చదువొస్తది మేడమ్. ఇంటి కాడనే నేర్చుకున్నది. పుట్టినప్పటి సంది కాళ్లు చేతులు దాని మాట వినవు. గిలాసతోని తాగితే సగం మీదనే పడుతది. ఈ గిన్నెతోని మంచిగ తాగుతది. కొరికి కొరికి ముక్కు వంకరయితది, అందుకే మళ్ల మళ్ల తెప్పిస్త. దవాఖానల కసరత్తుకు పోతే అక్కడోళ్లు అడుగుతరు, వాళ్లకిన్ని ఇస్త. మొదటిసారి డబ్బ వచ్చినప్పుడు మీద 'చంటిపిల్లల వస్తువులు' అని ఉండె. చదివింది. ఆ దినం నోరు తెరవలే. నీళ్లు గూడ తాగలే. దానికి ఇరవై ఏండ్లు మేడమ్."

అక్క తన కొంగు అంచును వేళ్ల మధ్య నలుపుతూ ఉండిపోయింది. ఆవిడే మళ్లీ, "బజార్ల అడిగితే దుకాణపాయన పాప ఎన్ని నెలలు అని అడుగుతడు. ఏం చెప్పాలె? కంప్యూటర్ల అయితే ఎవలడగరు," అంది.

లోపలినుంచి టకటకమని చప్పుడు వచ్చింది. "పిలుస్తున్నది," అని ఆవిడ మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది.

మంచానికి ఆనించి ఒక ఎత్తు కుర్చీ, దాని ముందు బల్ల మీద పాత కంప్యూటర్. వాళ్ల నాన్న ఎయిర్‌పోర్టు క్యాబు నడుపుతాడట. ఏదో ఆఫీసు మూసేస్తుంటే అక్కడ కొన్నాడట. ఆ అమ్మాయి రెండు జడలు వేసుకుని, మెడ కాస్త పక్కకు వాల్చి కూర్చుంది. కుడిచేతి బొటనవేలితో కీబోర్డు మీద ఒక్కొక్క అక్షరమే కొడుతుంది. తన మాట నాకు అర్థం కాలేదు. వాళ్లమ్మకు మాత్రం అర్థమవుతుంది. అందుకని నాతో మాట్లాడటానికి తెర మీద రాసింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు.

'మీరు ఆ దుకాణం నుంచా?'

అవునన్నాను.

'ఏది ఎక్కడ ఉండాలో ఎవరు పెడతరు?'

"నేనే పెడతాను," అన్నాను.

ఆ అమ్మాయి నన్ను తేరిపార చూసింది. ముఖమంతా వెలిగింది. తర్వాత బొటనవేలు చాలాసేపు ఆడింది. 'దోమతెర పిల్లలకేనా? దోమలు పిల్లలనే కుడతయా? పెద్దలను కుట్టవా? పడకగది పేజీల ఎందుకు లేదు?'

అక్క పకపకా నవ్వింది. నాకు సిగ్గేసినా నవ్వొచ్చింది. నేను పెట్టిన పేజీలన్నీ ఆ అమ్మాయికి నోటికి వచ్చు. ఏమీ కొనకపోయినా రోజూ అన్నీ తిరిగి చూస్తుందట. ఫొటోల్లో నీడ ఎప్పుడూ ఎడమవైపే ఎందుకు పడుతుందని అడిగింది. కిటికీ కుడివైపు ఉందని చెప్పాను. ఇత్తడి చెంబు ఫొటోలో ఎవరో మనిషి ఆకారం కనబడుతోంది, అది మీరేనా అని అడిగింది. నేనెప్పుడూ గమనించలేదు. తెర మీద పెద్దది చేసి చూస్తే నేనే, కెమెరా పట్టుకుని, చెంబు పొట్ట మీద వంకరగా ఉన్నాను. ఎవరూ చూడరనుకుని చేసే పనిని ఇంత శ్రద్ధగా ఒక మనిషి చూస్తోందంటే నాకు ఆ కుర్చీ పక్కనుంచి లేవాలనిపించలేదు.

కాసేపటికి ఉగ్గుగిన్నె మాట నేనే ఎత్తాను. "దాన్ని అక్కణ్ణుంచి తీసేస్తాను. 'రోగులకు ఉపయోగపడేవి' అని ఒక పేజీ చేసి అందులో పెట్టనా?"

బొటనవేలు ఈసారి త్వరగా కదిలింది. 'నాకు రోగం లేదు. దాహమైతది. అంతే.'

వాళ్లమ్మ మాకు చాయ్ తెచ్చింది. కూతురికి కొత్త గిన్నె కడిగి, అందులో చల్లారిన చాయ్ పోసి, తల కింద చెయ్యి పెట్టి తాగించింది. ఒక్క చుక్క కింద పడలేదు. వాళ్లిద్దరికీ అది రోజూ ఉండే పని. మేం చూస్తున్నామని వాళ్లు తొందరపడలేదు, ఆపలేదు.

సరుకు వేసుకుని తిరిగి వస్తూ వ్యాను మమ్మల్ని ఎక్కించుకుంది. తుక్కుగూడ దాటాక అక్క, "చీటీ అంటించేది నేనే గదా చెల్లె. ఒక్కసారన్న చదివిన్నా?" అంది.

మర్నాడు నేను 'తాగడానికి' అని ఒక పేజీ మొదలుపెట్టాను. గ్లాసులు, చెంబులు, బడికి తీసుకెళ్లే నీళ్ల సీసాలు, మరచెంబు, కూజా అందులోకి తెచ్చాను. స్టీలు గ్లాసుకూ రాగి చెంబుకూ మధ్య ఉగ్గుగిన్నె పెట్టాను. యజమాని చూసి కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఇదేమిటమ్మా, ఉగ్గుగిన్నె ఇక్కడుందేం? బాలింతలు ఎక్కడ వెతుక్కుంటారు?"

రావిర్యాల సంగతి చెప్పాను. ఆయన విన్నారు. జాలిపడ్డారు కూడా. అయినా వ్యాపారం వ్యాపారమే. "ఒక్కరి కోసం పదిమందికి దారి మార్చలేం కదా. రెండు చోట్లా పెట్టండి," అన్నారు.

రెండు చోట్లా పెట్టాలంటే ఒకే వస్తువును రెండుసార్లు, రెండు నంబర్లతో ఎక్కించాలి. అలాగే చేశాను. రెండు రోజులు గడవకముందే అక్క వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఒక్క గిన్నెకు రెండు నంబర్లు పెడితివి. ఒకటేమో సరుకు లేదంటది, ఇంకోటేమో ఉన్నదంటది. గూట్లేమో గిన్నెలున్నయి. నేను దేన్ని నమ్మాలె?"

ఆ గొడవ తేల్చడానికి మేం ముగ్గురం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. చివరికి దారి అక్కే చూపించింది. తను అనుకుని చూపించలేదు, విసుగ్గా అంది. "మా ఊళ్లె కిరాణం దుకాణంల బెల్లం లోపట ఉంటది, బయట బోర్డు మీద రాస్తడు బెల్లం కలదు అని. గట్ల రాయరాదు?" నిజమే. గిన్నెను 'తాగడానికి' పేజీలోనే ఉంచి, చంటిపిల్లల పేజీలో దాని బొమ్మ మాత్రం పెట్టి, నొక్కితే ఇక్కడికి వచ్చేలా చేశాను. చీటీ మీద గిన్నె ఉన్న పేజీ పేరే పడుతుంది. యజమాని రెండుసార్లు నొక్కి చూసుకుని, "సరే, కొన్నాళ్లు చూద్దాం," అన్నారు.

ఫొటో కూడా మార్చాను. నవ్వే పాపాయిని తీసేశాను. మనుషులెవరూ వద్దనుకున్నాను. గిన్నెలో మజ్జిగ పోసి, అక్కను కొద్దిగా వంచమన్నాను. ముక్కులోంచి సన్నని ధార పడుతుండగా తీయాలి. ఆ పూట విమానాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మజ్జిగంతా బల్ల మీద పోయాక, ఎట్టకేలకు ఒక్క ఫొటో నిలకడగా వచ్చింది.

రావిర్యాల ఆర్డరు మళ్లీ వచ్చినప్పుడు ఆవిడ ఫోన్ చేయకముందే అక్క ఫోన్ చేసింది. "అమ్మా, చీటీ అంటిస్తున్న. చూసి చెప్పు," అంది. రెండు రోజులకు ఆవిడ ఫోన్ వస్తే నేను పక్కనే ఉన్నాను. అక్క స్పీకర్ పెట్టింది.

"చదివిందా అమ్మా?"

"చదివింది. ఏమనలే. మజ్జిగ తాగింది, పండుకున్నది."

అంతే. అక్క ఫోన్ పెట్టేసి పార్శిల్ కట్టడానికి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ మధ్యాహ్నం ఏ పనీ సరిగ్గా చేయలేదు. చాలా సంతోషంగా ఉంది, కానీ ఎవరికి చెప్పినా ఇందులో ఏముంది అంటారేమో అనిపించింది. ఇంటికి వెళ్లి మా ఆయనకు చెప్పాను. ఆయన నిద్రకళ్లతో అంతా విని, "అయితే మజ్జిగ ఫొటో చూపించు," అన్నారు.

ఆ తర్వాత ఉగ్గుగిన్నె గురించి వేరే ఊళ్ల నుంచి కూడా ఫోన్లు రావడం మొదలైంది. పడుకుని తాగడానికి వీలవుతుందా, అంచు గరుకుగా ఉంటుందా, వేడి వేడి రసం పోయవచ్చా అని అడిగేవారు. అక్కకు కుతూహలం పట్టింది. "ఏమనుకోకు అన్నా, ఎవలకు?" అని మెల్లగా అడిగేది. చెప్పినవాళ్లు చెప్పేవారు. బస్సు కండక్టరు ఒకాయనకు దవడ విరిగి తీగలతో కట్టారట. ఒకావిడకు చేతులు వణుకుతాయట, మనవరాలి పెళ్లిలో అందరి ముందూ తాగడానికి కావాలట. ఒక కాలేజీ అమ్మాయి చెట్టు మీంచి పడిన ఉడుత పిల్లకు పాలు పట్టాలంది. అక్క ఆ రోజు ఫోన్ పెట్టి, "ఉడుతకు గూడ దాహమే గదా," అంది. నేను పేజీల పేర్లన్నీ మళ్లీ మొదటినుంచి చదువుకున్నాను. ఎవరికి అని చెప్పే పేర్లు ఎన్ని ఉన్నాయో, ఎందుకు అని చెప్పే పేర్లు ఎన్ని ఉన్నాయో చూసుకున్నాను. కొన్ని మార్చాను. కొన్ని మార్చడానికి ఎంత ఆలోచించినా వేరే పేరు దొరకలేదు.

ఆ అమ్మాయి నాకు మెయిళ్లు రాయడం మొదలుపెట్టింది. ఒక్కో మెయిల్ రెండు మూడు వాక్యాలు. ఆ వాక్యాలకు తనకు ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు కాబట్టి వెంటనే జవాబిచ్చేదాన్ని. యజమాని ఒకసారి నా భుజం మీదుగా చదివి, కొత్త పేజీ ఏది చేసినా ముందు ఆ అమ్మాయికి చూపించమన్నారు. దుకాణం మరీ ఎక్కువ కాలం నడవలేదు. పెద్ద కంపెనీలు వచ్చాయి. 2014లో గోదాము ఖాళీ చేసి ఆయన మళ్లీ పాత కొట్టుకు వెళ్లిపోయారు. కానీ అంతకుముందే, ఒక ఆదివారం, ఆ అమ్మాయి గోదాము చూడటానికి వచ్చింది.

ఎయిర్‌పోర్టులో ఎవరినో ఎక్కించుకోవడానికి వెళ్తూ వాళ్ల నాన్న తల్లినీ కూతురినీ క్యాబులో తీసుకొచ్చాడు. బయట కంకర ఉండటంతో ఆయన కూతురిని ఎత్తుకుని లోపలికి తెచ్చి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను తోసుకుంటూ ఇనుప గూళ్ల మధ్య తిప్పాను. తను అటూ ఇటూ చూస్తోంది. ముఖంలో ఏదో అయోమయం. నాకు అర్థమైంది. తను రోజూ చూసే పేజీలు ఇక్కడ లేవు. గోదాములో సామాన్లు చోటు ఎక్కడుంటే అక్కడ ఉంటాయి. తలుపు గొళ్లేల పక్కన కుంకుమ భరిణెలు, చీపుళ్ల కింద పెళ్లి పీటలు, ఉగ్గుగిన్నెల డబ్బాలు తాళాల డబ్బాల మీద.

కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లాక రాసింది. 'అక్కడ అన్నిటికీ పేర్లు పెట్టిన్రు. ఇక్కడ దేనికీ పేరు లేదు.'

"ఉన్నది బిడ్డా," అంది అక్క, గూటికి వేలాడే అట్టముక్క చూపించి. "నంబర్ ఉన్నది. నాకు గదే పేరు."

అమ్మాయి గట్టిగా నవ్వింది. నవ్వుతుంటే ఒళ్లంతా కదిలి, కుర్చీ చక్రం కూడా కదిలింది. వాళ్లమ్మ పట్టుకుంది.

ఆ రోజు కొత్తగా వచ్చిన సరుకులో ఎడ్ల మెడలో కట్టే గంటలు ఉన్నాయి. ఎవరు కొంటారో తెలియకుండానే యజమాని తెప్పించారు. వాటిని ఎక్కడ పెట్టాలో నాకింకా తోచలేదు. నేను పూజ పేజీ తెరిచాను. తను తల అడ్డంగా ఊపి, మౌసు జరిపి తలుపుల సామాన్ల పేజీకి తీసుకెళ్లింది. 'కరెంటు పోతే కాలింగ్ బెల్లు మోగదు' అని రాసింది. గంట ఒకటి తెచ్చి చేతికిచ్చాను. బొటనవేలితో తట్టి చూసింది. మళ్లీ తట్టింది.

బయట వాళ్ల నాన్న హారన్ కొట్టాడు. గుమ్మంలోకి వచ్చి, "బిడ్డా, విమానం దిగింది. పార్టీ ఫోన్ చేస్తుండు, పోదాం," అన్నాడు. తను తెర మీంచి కళ్లు తిప్పలేదు. గొళ్లెం ముందా గంట ముందా అని ఇంకా తేల్చుకోలేదు. ఆయన కాసేపు నిలబడి చూసి, జేబులోంచి ఫోన్ తీసి, "ఐదు నిమిషాలు సార్, దారిలనే ఉన్న," అని చెప్పి, అక్క చూపించిన డబ్బా మీద కూర్చున్నాడు.